నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులున్న 1952 నాటి ట్రక్కు: డిస్కులు వేయాలా, ఉన్నవాటినే బాగుచేయాలా?

పాతఇంజను (ప్రశ్న)

నా దగ్గర 1952 నాటి షెవ్రొలే 3100 పికప్ ట్రక్కు ఉంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే (చక్రంతో తిరిగే డ్రమ్ముకు లోపలి నుండి షూలనే వంపు పలకలు అదుముకునేవి) ఉన్నాయి, కాలి బలాన్ని పెంచే బూస్టరు లేదు, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ళ కింద నేలపలక అడుగున ఉంటుంది, నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ సర్క్యూట్. నాకంటే ముందు బండిని వాడినవారు కొత్త షూలు వేయించారని చెప్పారు. షూలను పైనుంచి చూస్తే వాటి రాపిడి పొర, అంటే లైనింగ్, నిజంగానే మందంగా ఉంది.

అయినా బ్రేకు మీద నాకు నమ్మకం కుదరడం లేదు. మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ దాదాపు నేలదాకా పోతుంది. వెంటనే మళ్ళీ తొక్కితే పైకి వచ్చి గట్టిగా నిలుస్తుంది. గట్టిగా బ్రేకు వేస్తే బండి కుడివైపుకు లాగుతుంది. అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి: కొంతసేపు నడిపాక, ముఖ్యంగా ఆగుతూ సాగుతూ నడిపాక, కాలు తీసినా బ్రేకులు పూర్తిగా వదలడం లేదు, చక్రాల హబ్బులు చేయి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. బండిని అరగంట అలాగే వదిలేస్తే మామూలుగా కదులుతుంది.

తెలిసినవారిలో చాలామంది ఇదంతా వదిలిపెట్టి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు (తిరిగే పళ్ళేన్ని రెండువైపులా ప్యాడులు నొక్కి పట్టేవి) వేయించుకోమంటున్నారు. బండిని సాధ్యమైనంతవరకు మొదటి రూపంలోనే ఉంచాలని నా కోరిక. డ్రమ్ బ్రేకులతో ఈ బండిని భద్రంగా నడపడం సాధ్యమేనా, సాధ్యమైతే పనిని ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది అనుభవమున్నవారు వివరించగలరు.

షెడ్డుమనిషి

మీరు చెప్పిన మూడు లక్షణాలను మూడు వేర్వేరు జబ్బులుగా చూడకండి. వాటిలో రెండింటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉండే అవకాశం చాలా ఎక్కువ.

పెడల్ గురించి ముందు చెబుతాను. పెడల్ మెత్తగా, స్పాంజిని తొక్కినట్టు ఉంటే పైపుల్లో గాలి ఉన్నట్టు. కాలు అలాగే నొక్కి పట్టినప్పుడు పెడల్ మెల్లమెల్లగా కిందికి జారిపోతూ ఉండి, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగి ఆయిల్‌ను వెనక్కి వదులుతున్నట్టు. మీ బండిలో ఈ రెండూ కనిపించడం లేదు. లోతుకు పోయి, రెండో తొక్కుడుకు పైకి వచ్చి గట్టిగా నిలిచే పెడల్ చెప్పేది ఒక్కటే: షూకూ డ్రమ్ముకూ మధ్య సందు ఎక్కువగా ఉంది. మొదటి తొక్కుడుతో పోయిన ఆయిల్ అంతా షూలను డ్రమ్ము దాకా చేర్చడానికే సరిపోతోంది. ఈ కాలపు బండ్లలో షూలు వాటంతట అవి సర్దుకునే ఏర్పాటు లేదు కనుక, లైనింగ్ అరిగే కొద్దీ చేత్తో అడ్జస్ట్ చేస్తూనే ఉండాలి. కొత్త షూలు వేసినవారు ఆ పని సగంలో వదిలేసి ఉంటారు.

ఇప్పుడు బ్రేకులు వదలకపోవడం. ఇది నా ఊహ మాత్రమే కానీ, మీరు ముందుగా చూడవలసింది పెడల్‌కు ఉండే ఖాళీ కదలికను. పెడల్‌కు ఉన్న తోపుడు కడ్డీ, అంటే పుష్‌రాడ్, మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను తాకే ముందు పెడల్ కొద్దిపాటి దూరం ఏ ప్రతిఘటనా లేకుండా కదలాలి. పెడల్ లోతుగా పోతోందని ఎవరైనా పుష్‌రాడ్‌ను పొడిగించి ఆ ఖాళీని మింగేసి ఉంటే, పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. పిస్టన్ వెనక్కి రాకపోతే ఆయిల్ తొట్టిలోకి తిరిగి వెళ్ళే సన్నని రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. బ్రేకులు వేడెక్కి ఆయిల్ వ్యాకోచించినప్పుడు దానికి పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడి షూలను డ్రమ్ముకు అదిమి పెడుతుంది. ఆ రాపిడితో వేడి ఇంకా పెరుగుతుంది. చల్లబడ్డాక మామూలవుతుందని మీరు రాసిన మాట దీనికి సరిగ్గా సరిపోతోంది. షూల సందును సరిచేయకుండా పెడల్‌ను పైకి తేవడానికి పుష్‌రాడ్‌ను కదపడం నేను చాలా పాత బండ్లలో చూశాను. అది జ్వరానికి మందు వేయకుండా థర్మామీటరును దులపడం లాంటి పని.

నిర్ధారించుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. బ్రేకులు పట్టేసి ఉన్నప్పుడే బండిని ఆపి, చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టి, జాకీతో ఎత్తి, పట్టేసిన చక్రం దగ్గర గాలి తీసే నిపుల్‌ను కొద్దిగా వదులు చేయండి. ఆయిల్ చిమ్మి, చక్రం వెంటనే వదులైతే, ఒత్తిడి పైపుల్లో చిక్కుకుని ఉందన్నమాట. రెండు చుక్కలు ఊరితే దాన్ని పట్టించుకోనవసరం లేదు, ఎందుకంటే డ్రమ్ బ్రేకుల పైపుల్లో స్వల్ప ఒత్తిడి ఎప్పుడూ మిగిలి ఉండేలాగే తయారు చేశారు. నిపుల్ వదులు చేసినా చక్రం కదలకపోతే తప్పు ఆయిల్‌ది కాదు: రిటర్న్ స్ప్రింగులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్, లేదా షూలు బిగించి ఉండే బ్యాకింగ్ ప్లేటు మీద షూ అంచు ఆనే చోట పడ్డ గాడి, వీటిలో ఏదో ఒకటి షూను వెనక్కి రానివ్వడం లేదు.

చిక్కుకున్న ఒత్తిడే అని తేలితే, మళ్ళీ బ్రేకులు పట్టేసేదాకా నడిపి, ఈసారి నిపుల్‌ను ముట్టుకోకుండా మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టును వదులు చేయండి. అన్ని చక్రాలూ ఒక్కసారిగా వదిలితే దోషం మాస్టర్ సిలిండర్‌లోనో పుష్‌రాడ్‌లోనో ఉంది. ఒక్క చక్రం మాత్రం అలాగే బిగిసి ఉంటే, ఆ చక్రానికి పోయే రబ్బరు హోస్ లోపల ఉబ్బి దారి మూసుకుంది. కాలి బలం ఆయిల్‌ను లోపలికి తోయగలదు కానీ స్ప్రింగుల బలం దాన్ని వెనక్కి తోయలేదు. హోస్ బయటికి కొత్తదానిలా కనిపించినా లోపల ఇలా ఉండవచ్చు. ఎప్పుడు మార్చారో తెలియని హోసులను పరీక్షించే పని పెట్టుకోకుండా మార్చేయడమే మంచిది.

లైనింగ్_డ్రమ్ము

పై సలహా సరైనదే. నేను కుడివైపుకు లాగడం గురించి మాత్రం రాస్తాను.

షెవ్రొలే అర టన్ను ట్రక్కులలో 1950 వరకు హక్ రకం బ్రేకులు ఉండేవి. 1951 నుండి బెండిక్స్ రకం వచ్చాయి. మీది 1952 నాటిది కనుక బెండిక్స్ అయి ఉండాలి, అయినా ఇన్నేళ్ళలో ఎవరు ఏ యాక్సిల్ మార్చారో చెప్పలేం కాబట్టి డ్రమ్ము తీసి కళ్ళతో చూసుకోండి. బెండిక్స్ రకంలో రెండు షూలకూ పైన ఒకే కదలని యాంకర్ పిన్ను ఉంటుంది, కింద రెంటినీ కలుపుతూ సందును సర్దే అడ్జస్టరు ఉంటుంది. బండి ముందుకు పోతున్నప్పుడు బ్రేకు వేస్తే, ముందువైపు షూను డ్రమ్ము తనతోపాటు కిందికి ఈడుస్తుంది. ఆ షూ అడ్జస్టరు ద్వారా వెనక షూను తోస్తుంది. వెనక షూ యాంకర్ పిన్నుకు ఆని డ్రమ్ముకు బలంగా అదుముకుంటుంది. అంటే చక్రం తిరిగే బలమే బ్రేకుకు తోడవుతుంది. బూస్టరు లేకపోయినా ఇంత బరువైన బండి మామూలు కాలి బలంతో ఆగగలగడానికి కారణం ఇదే.

ఈ ఏర్పాటులో ఎక్కువ పని చేసేది వెనక షూ కనుక దాని లైనింగ్ పొడవుగా ఉంటుంది, ముందు షూ లైనింగ్ పొట్టిగా ఉంటుంది. ఈ తేడా తెలియనివారు రెంటినీ తారుమారు చేసి బిగించడం, లేదా ఒక చక్రానికి రెండు పొట్టివి, రెండో చక్రానికి రెండు పొడవువి వేయడం తరచూ జరిగే పొరపాటు. అలా చేసిన చక్రం బలహీనంగా పడుతుంది, బండి రెండోవైపుకు లాగుతుంది. మీ బండి కుడికి లాగుతోంది కనుక ఎడమ ముందు చక్రాన్ని మొదట తెరవండి. అడ్జస్టర్లను కూడా చూడండి: చాలా బండ్లలో కుడి ఎడమల మరలు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటాయి, విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోకపోతే తర్వాత కలిసిపోతాయి.

షూలు సరిగానే ఉంటే, వాటి వంపు డ్రమ్ముకు సరిపోతోందో లేదో చూడాలి. పాత డ్రమ్ములను లేత్ మీద ఒకటి రెండుసార్లు కోసి ఉంటారు, లోపలి వ్యాసం పెరిగి ఉంటుంది. కొత్త షూ మాత్రం మొదటి కొలతకే వంపు తిరిగి వస్తుంది. అలాంటి షూ పెద్ద డ్రమ్ములో నడిమి భాగంతో మాత్రమే తాకుతుంది; లైనింగ్ ఎంత మందంగా ఉన్నా పని చేసేది అందులో కొద్ది భాగమే. దీన్ని చూడటానికి లైనింగ్ మీద అడ్డంగా సుద్దగీతలు గీసి, డ్రమ్ము ఎక్కించి, అడ్జస్ట్ చేసి, బ్రేకు తొక్కి పట్టి చక్రాన్ని బలంగా తిప్పి, మళ్ళీ విప్పి చూడండి. సుద్ద చెరిగిన చోటే తాకుతున్న చోటు. నడుమ మాత్రమే చెరిగితే, షూలను ఆ డ్రమ్ము కొలతకు తగ్గట్టు గ్రైండింగ్ చేయించాలి. సరిపోలిన షూలో తాకుడు నడిమి నుండి రెండు చివరల దగ్గరదాకా సాగి, చివరలు మాత్రం రవ్వంత వదులుగా ఉండాలి. చివరలు ముందుగా తాకితే బ్రేకు ఒక్కసారిగా కరుచుకుంటుంది, కీచుమంటుంది.

ఈ గ్రైండింగ్‌ను మీరే ఎమరీ పేపరుతో చేయకండి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ము తీయగానే లోపలి దుమ్మును కంప్రెసరు గాలితో ఊదడం కూడా అంతే ప్రమాదం. బ్రేక్ క్లీనరుతోనో సబ్బు నీళ్ళతోనో తడిపి, తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారేయండి.

డ్రమ్ముల విషయం. అరుగుదలకు ఉన్న హద్దు సాధారణంగా కొత్త కొలతకన్నా 0.060 అంగుళం, అంటే సుమారు 1.5 మిల్లీమీటర్లు. తర్వాతి కాలపు డ్రమ్ముల మీద ఈ హద్దును అచ్చు వేసేవారు. మీ డ్రమ్ముల మీద ఉండకపోవచ్చు. హద్దు దాటిన డ్రమ్ము పలచబడి త్వరగా వేడెక్కుతుంది, వేడికి అంచు దగ్గర విచ్చుకుంటుంది, షూ పైకి ఎంత జరిగినా డ్రమ్ము దూరంగా జరుగుతూనే ఉంటుంది. ఒకే యాక్సిల్ మీది రెండు డ్రమ్ముల వ్యాసాలూ వీలైనంత దగ్గరగా ఉండాలి. ఒకటి కోయించి రెండోది వదిలేయడం బండిని పక్కకు లాగించడానికి మంచి మార్గం.

లైనింగ్ మీద నూనె మరక ఉంటే ఇక ఆలోచించవలసింది లేదు. వెనక యాక్సిల్ సీలు నుండి గేరు ఆయిల్, ముందు హబ్బు నుండి గ్రీజు, చక్రం దగ్గర షూలను తోసే వీల్ సిలిండర్ నుండి బ్రేక్ ఆయిల్, ఏది తగిలినా ఆ లైనింగ్ ఒకసారి జారుతుంది, ఒకసారి కరుచుకుంటుంది. పెట్రోలుతో కడగడం, మంట చూపించడం వంటి చిట్కాలు పైపైన ఆరబెడతాయే తప్ప లోపలికి ఇంకిన నూనెను తీయలేవు. కారణాన్ని సరిచేసి, ఆ యాక్సిల్‌కు రెండువైపులా షూలు మార్చాలి.

నాలుగోగేరు

నేను కొంచెం వేరే మాట చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. పైవారు రాసినవన్నీ సరిగ్గా చేసినా డ్రమ్ము డ్రమ్మే. పొడవైన దిగుడు దారిలో వేడెక్కినప్పుడు డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరమవుతుంది, డిస్కు వ్యాకోచించి ప్యాడుకు దగ్గరవుతుంది. నీటిలో తడిసిన డ్రమ్ము ఆరేదాకా సరిగా పట్టదు. బరువులు వేసుకుని కొండదారుల్లో తిరిగే ఆలోచన ఉంటే ముందు చక్రాలకు డిస్కులు వేయడం తప్పు కాదు.

అయితే డిస్కులు వేస్తే సమస్య తీరిపోతుందని చెప్పేవారు మిగతా సగం చెప్పరు. డిస్కులో షూకు ఉన్నట్టు తనను తాను బిగించుకునే గుణం లేదు కనుక, అదే కాలి బలంతో బండి ఇంకా తక్కువగా ఆగుతుంది. దానికి బూస్టరు కావాలి. ప్యాడులను డిస్కుకు అదిమే కాలిపర్ల పిస్టన్లు పెద్దవి కనుక ఎక్కువ ఆయిల్ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ చాలదు. డ్రమ్ముల కోసం పైపులో సుమారు 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటుంది, అది వీల్ సిలిండర్ కప్పుల అంచులను గోడకు ఆనించి గాలి లోపలికి రాకుండా చూస్తుంది. అదే వాల్వు డిస్కుల లైనులో ఉండిపోతే ప్యాడులు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. మీ బండిలో లాగా మాస్టర్ సిలిండర్ కాలిపర్ల కంటే కిందగా ఉంటే డిస్కుల లైనుకు 2 పీఎస్‌ఐ వాల్వు వేయాలి, లేకపోతే ఆయిల్ వెనక్కి జారి పెడల్ లోతుకు పోతుంది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకోకుండా వాటి ఒత్తిడిని తగ్గించే ప్రొపోర్షనింగ్ వాల్వు కూడా అవసరం కావచ్చు. ఇవన్నీ లెక్క చూసుకుని చేసేవారి చేతికి ఇవ్వగలిగితేనే ఆ పని పెట్టుకోండి.

షెడ్డుమనిషి

నాలుగోగేరు గారి మాటలో అభ్యంతరం పెట్టవలసింది లేదు. కానీ ప్రశ్న అడిగినవారికి డిస్కుల కంటే ముందు ఇంకొక మార్పు కావాలి: రెండు గదుల మాస్టర్ సిలిండర్. ఇప్పుడున్న ఒకే సర్క్యూట్‌లో ఎక్కడో ఒక పైపు తుప్పు పట్టి పగిలితే, నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్రేకు పోతుంది. హ్యాండ్ బ్రేకు ఒక్కటే మిగులుతుంది. అమెరికన్ బండ్లలో 1967 ప్రాంతం నుండి ముందు వెనకలను వేరు చేసిన సర్క్యూట్లు మామూలయ్యాయి. నేలపలక కింద బిగించే బ్రాకెట్‌తో సహా ఈ మార్పుకు కావలసిన సామాను దొరుకుతుంది, బండి పైరూపం ఏమీ మారదు.

కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. అది డ్రమ్-డ్రమ్ బండ్ల కోసం చేసినదై ఉండాలి, రెండు గదుల దారుల్లోనూ ఒత్తిడి నిలిపే వాల్వులు ఉండాలి. రెండోది బోరు కొలత, అంటే సిలిండర్ లోపలి వ్యాసం. బోరు పెద్దదైతే బ్రేకు బలంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, నిజానికి జరిగేది తలకిందులు. 1 అంగుళం బోరు పిస్టన్ వైశాల్యం సుమారు 0.785 చదరపు అంగుళాలు, 1.125 అంగుళాల బోరుకు 0.994. అదే కాలి బలంతో తొక్కితే పెద్ద బోరులో ఒత్తిడి అయిదో వంతుకు పైగా తగ్గిపోతుంది. పెడల్ పైనే నిలుస్తుంది కానీ రాయిలా ఉంటుంది. బూస్టరు లేని బండికి మొదటి బోరు కొలతను మార్చకపోవడమే మేలు.

పాతఇంజను

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన వరుసలోనే చూశాను. పెడల్‌కు ఖాళీ కదలిక అసలు లేదు. పుష్‌రాడ్ మర చివరిదాకా బయటికి తిప్పి ఉంది. బ్రేకులు పట్టేసినప్పుడు మాస్టర్ సిలిండర్ దగ్గర నట్టు వదులు చేయగానే నాలుగు చక్రాలూ వదిలాయి. ఎడమ ముందు చక్రంలో పొట్టి లైనింగ్ ఉన్న షూ వెనకవైపు, పొడవు లైనింగ్ ఉన్నది ముందువైపు బిగించి ఉన్నాయి. వెనక కుడి యాక్సిల్ సీలు దగ్గర తడి కూడా కనిపించింది, దాని లైనింగ్ అంచు నల్లబడి ఉంది.

షూలను వాటి స్థానాల్లోకి మార్చాను, పుష్‌రాడ్‌ను సరిచేశాను. సీలు, వెనక చక్రాల షూలు, మూడు హోసులు, రెండు గదుల మాస్టర్ సిలిండర్ తెప్పిస్తున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. షూలను అడ్జస్ట్ చేసే సరైన పద్ధతి ఏమిటి? బండి ఎక్కువ కాలం నిలిపే ఉంటుంది కనుక సిలికాన్ బ్రేక్ ఆయిల్ వాడమని ఒకరు అన్నారు, అది మంచిదేనా?

లైనింగ్_డ్రమ్ము

అడ్జస్ట్ చేసే ముందు హ్యాండ్ బ్రేక్ కేబుల్‌ను పూర్తిగా వదులు చేయండి, లేకపోతే వెనక చక్రాల షూలు యాంకర్ పిన్నుకు ఆనకుండా మధ్యలో వేలాడుతుంటాయి, మీరు చేసిన సర్దుబాటు అంతా తప్పుతుంది. చక్రాన్ని ఎత్తి, చేత్తో తిరగనంతవరకు అడ్జస్టరును బిగించండి. అప్పుడు పెడల్‌ను ఒకసారి బలంగా తొక్కి వదలండి. షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. చాలాసార్లు ఆ తర్వాత చక్రం మళ్ళీ కొద్దిగా తిరుగుతుంది. ఇంకా బిగించి, మళ్ళీ తొక్కి, ఇక వదులు రావడం లేదన్నాక వెనక్కి తిప్పడం మొదలుపెట్టండి. చక్రాన్ని తిప్పితే ఎక్కడో ఒకచోట సన్నగా రాసుకున్న చప్పుడు వినిపిస్తూ, చేతికి మాత్రం అడ్డు తెలియని చోట ఆపండి. ప్రతి తిప్పుకూ ఒకచోట మాత్రమే గట్టిగా తగులుతుంటే డ్రమ్ము గుండ్రంగా లేదు, లేత్‌కు పంపాలి. నాలుగు చక్రాలూ అయ్యాక హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగించుకోవచ్చు.

డ్రమ్ము తీసి ఉన్నప్పుడే బ్యాకింగ్ ప్లేటు మీద షూ అంచులు ఆనే మెట్టలను వేలితో తడమండి. గాడి తగిలితే వెల్డింగుతో నింపి సమం చేయించి, వేడికి కరగని బ్రేక్ గ్రీజు సన్నగా రాయండి. మామూలు చాసిస్ గ్రీజు వేడికి కరిగి లైనింగ్ మీదికి వస్తుంది.

షెడ్డుమనిషి

ఆయిల్ సంగతి. డాట్ అనేది బ్రేక్ ఆయిల్ రకాలను చెప్పే అమెరికన్ ప్రమాణం. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒకే కుటుంబానికి చెందినవి. ఇవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కు అవే అంకెలు 230, 155. ఒక్క డాట్ 5 మాత్రమే సిలికాన్. అది తేమను పీల్చదు, రంగును తినదు, నిలిపి ఉంచే బండికి ఆ మేరకు అనుకూలమే. కానీ పోసేటప్పుడు సన్నని గాలి బుడగలను పట్టుకుని వదలదు కనుక పెడల్ కొంచెం మెత్తగా ఉండవచ్చు. లోపలికి చేరిన నీరు అందులో కలవకుండా వీల్ సిలిండర్ అడుగున నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది. మిగతావాటితో దాన్ని కలపరాదు. పైపులు, సిలిండర్లు, రబ్బర్లు అన్నీ ఒకేసారి కొత్తవి వేస్తుంటే తప్ప నేను దాని జోలికి పోను. మీ బండికి డాట్ 4 పోసి రెండేళ్ళకోసారి మార్చడం తేలిక.

గాలి తీసేటప్పుడు రెండు గదుల సిలిండర్‌ను బండికి బిగించే ముందే బల్ల మీద పెట్టి దాని గాలి తీయండి. తర్వాత దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. షూలు అడ్జస్ట్ చేశాకే ఈ పని పెట్టుకోండి, లేకపోతే లోతుగా పోయే పెడల్‌ను చూసి గాలి ఉందని భ్రమపడి ఆయిల్ వృథా చేస్తారు.

కొత్త షూలు డ్రమ్ముకు ఒదిగేదాకా గట్టి బ్రేకులు వేయకుండా, మధ్యస్థ వేగం నుండి మెల్లగా ఆపుతూ, మధ్యమధ్య చల్లారనిస్తూ నడపండి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మరొకసారి అడ్జస్ట్ చేయవలసి వస్తుంది. అప్పుడు బండి ఆపగానే నాలుగు డ్రమ్ముల వేడినీ తాకకుండా కొలిచే థర్మామీటరుతో చూసి రాసుకోండి. ముందువి వెనకవాటికంటే వేడిగా ఉండటం సహజం. కుడి ఎడమల మధ్య పెద్ద తేడా ఉంటే మాత్రం వేడిగా ఉన్నవైపు రాసుకుంటోందో, చల్లగా ఉన్నవైపు పట్టడం లేదో ఆ చక్రాన్ని ఎత్తి తిప్పి చూస్తే తెలుస్తుంది.